మా ఇంటి కంప్యూటర్లో మొదటి పాట

హిందూపురంలో పాత మదర్‌బోర్డు, ధర్మవరంలో పాత మానిటర్ కొని, పాటలు రికార్డు చేసేదానికి నేనే బిగించుకున్న కంప్యూటర్ ఈరోజు ఆన్ అయింది. మొదటి పాట మా అవ్వదే కావాలనుకున్నా. మైకులో చప్పుడు పడకూడదని పక్కగదిలో నేస్తున్న నాయనతో మగ్గం ఆపించినా. అవ్వ నోరు తెరిచింది, పాట రాలేదు.

"ఏమవ్వా, మర్చిపోయినావా?"

"మగ్గం ఆడకుండా నేనెప్పుడు పాడినానే? మీ నాయన్ని నెయ్యమను."

నాయన నవ్వుకుంటా మళ్లా మగ్గం గుంతలో కాళ్లు పెట్టినాడు. ఆ టకటకలకు తాళం కలిపి అవ్వ పాట మొత్తం పాడేసింది.

అప్పట్నుంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే వింటాండా. కళ్లు మూసుకుంటే మగ్గం పక్కన ఉయ్యాల్లో పండుకున్నట్టుండాది. చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ నడవాలనే నెల్లాళ్లు తిరిగి ర్యామ్ సంపాదించినా. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌ని తెరవబుద్ధే కాలేదు. మీరైతే తెరుస్తారా?