కందెన పూసిన మోటారు

నిన్న బస్సు డ్రైవరు గొర్రెల మందను చూసి గట్టిగా బ్రేకు వేస్తే, లోపలున్న వాళ్లంతా అతన్ని తిట్టారు. నేనొక్కణ్ణే మనసులో దండం పెట్టుకున్నాను. బండి నడిస్తే మెచ్చుకుంటారు గాని, ఆగితే మెచ్చుకునేవాళ్లు లేరు. ఆ లోటు తీర్చడానికైనా మా మేనమామ మోటారు సంగతి రాసిపెట్టాలి.

నిజాం కాలం చివరి రోజులు. ఆలేరు దగ్గర ఒక దొర గడీలో మామ ఎడ్లబండి తోలేవాడు, దొర మోటారును కడిగి తుడిచేదీ అతనే. ఆ మోటారు రెండుసార్లు గడ్డివాములో దూరి, ఆ పైన ఇంజను కూడా పలకకపోయేసరికి, దానికి దయ్యం పట్టిందని మామకే ఇచ్చేశాడు. "యాదగిరి గుట్ట జాతర దాకా చూస్త. అది నడవకుంటే మళ్ల వచ్చి నా ఎడ్లే తోలాలె" అన్నాడు. నడిస్తే మాత్రం స్టేషను నుంచి గుట్టకు కిరాయికి తిప్పుకుంటూ మామ తన బతుకు తాను బతకవచ్చు.

నేనేమో భువనగిరి గ్రంథాలయంలో మోటార్ల మీద ఉన్న ఒకే ఒక్క ఉర్దూ పుస్తకాన్ని నాలుగుసార్లు చదివినవాణ్ణి. మోటారును ముట్టుకున్నది మాత్రం లేదు. మూత ఎత్తగానే ఆ పుస్తకం రాసినాయన కలలో కూడా ఊహించని వింతలు కనిపించాయి. రేడియేటరు చిల్లికి సున్నం, బెల్లం కలిపి మెత్తారు. ఫ్యాను బెల్టుకు బదులు ఎద్దు పలుపు. బోల్టు పోయిన చోట తుమ్మచీల. ఒక్కొక్కటి పీకినప్పుడల్లా మామ, "ఏ గాడిద చేసిండ్రా గీ పని!" అని పాత పనివాళ్లను ఏడు తరాల దాకా తిట్టేవాడు. అత్తమ్మ వాటిని చాటలోకి ఏరుకుంటూ, "పారెయ్యకుండ్రి, మన బండికి అక్కెరకొస్తయి" అనేది.

తొమ్మిదో రోజున ఇంజను పలికింది. వాడంతా కేకలు వేసింది. ఆగడం మాత్రం దానికి తెలియదు. మామ బ్రేకు తొక్కితే కాలు నొచ్చిందే గాని, మోటారు తాపీగా పోయి కందిచేలో దిగబడింది. జాతరకు ఇంకా మూడు రోజులే. రాపిడి వల్లనే చక్రం ఆగుతుందని పుస్తకంలో చదివాను గనుక చక్రాలు విప్పించాను. బ్రేకు డ్రమ్ముల నిండా నల్లటి జిగట. ముక్కుకు ఆముదం వాసన కొట్టింది. గడ్డి బూడిద, ఆముదం కలిపి ఎడ్లబండి ఇరుసుకు పూసే కందెన అది!

"ఏ గాడిద..." అని మొదలుపెట్టి మామ నోరు మూసుకున్నాడు.

"చెప్పు, ఏ గాడిద?" అంది అత్తమ్మ.

"కందెన లేకుంటే ఇరుసు అరుగుతది గదనే! వారం వారం నేనే పూసిన."

అత్తమ్మ చాట కింద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓ అల్లుడా, దొర మోటారుకు పట్టిన దయ్యం నా ఇంట్లనే తిని పంటున్నదిరా!"

కిరసనాయిలుతో డ్రమ్ములు కడిగాం. ఆముదం తాగిన బ్రేకు పట్టీలు తీసేసి, దూది మిల్లు పాత బెల్టు ముక్కలు కోసి బిగించాం. పుస్తకం ఒప్పుకోని పనే. కాని జాతర నాడు గుట్ట దిగుతుంటే, మలుపులో దొర ఎడ్లబండి అడ్డంగా నిలబడి ఉంది. మామ బ్రేకు తొక్కాడు. ఎడ్ల ముక్కులకు మూరెడు దూరంలో మోటారు ఆగింది.

"అరె, ఆగిందేందిరా!" అన్నాడు బండిలో కూర్చున్న దొర.

"ఆగుతది దొరా. గిప్పుడు నేను ఆగమంటే ఆగుతది, పొమ్మంటే పోతది. జర బండి పక్కకు తీయించుండ్రి."

బెల్టు ఇచ్చిన ఖాసిం భాయికి, రివిట్లు కొట్టిన ఎల్లయ్యకు, గడువు దాటినా పుస్తకం అడగని గ్రంథాలయం నర్సింహంగారికి, మా లచ్చమ్మ అత్తమ్మకు, తన తప్పును తానే విప్పి కడిగిన మల్లయ్య మామకు నా దండాలు. ఇన్నేళ్లలో ఏం చేశావని ఎవరైనా అడిగితే, ముందుగా గుర్తొచ్చేవి ఒళ్లంతా మసితో గడిపిన ఆ పన్నెండు రోజులే.