ఒక్క టిక్కు తీసేసినందుకు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియనిదంతా అనవసరమైనదే అనుకునేదాన్ని. హన్మకొండలో మాదో చిన్న కంపెనీ. పొలాల్లోని బావి మోటర్లను ఫోన్‌తో నడిపే డబ్బాలు చేసేవాళ్లం. డబ్బాలోకి ఎక్కించే ప్రోగ్రామ్‌లో ఏమేం ఉండాలో ఒక పొడవాటి జాబితాలో టిక్కులు పెట్టి ఎంచుకోవాలి. తెలుగు మెసేజ్‌లు చేర్చే పని నాకిచ్చారు. మెమరీలో చోటు చాలలేదు. జాబితాలో ‘కరెంటు కొలత’ కనబడితే, రైతుకు ఆంపియర్లతో పనేముందిలే అని ఆ టిక్కు తీసేశాను. చోటు దొరికింది. (ఆ సాయంత్రం నన్ను నేనే మెచ్చుకుని మిర్చి బజ్జీలు తిన్నాను.) బావిలో నీళ్లయిపోతే మోటర్‌ను ఆపే ఆప్షన్ ఆ కొలత మీదే ఆధారపడిందనీ, కొలత పోగానే అదీ జాబితాలోంచి చప్పుడు లేకుండా మాయమైందనీ నాకేం తెలుసు!

ఆ డబ్బాను పరీక్ష కోసం రఘునాథపల్లిలో ఒక పెద్దాయన బావి దగ్గర పెట్టాం. ఆయన్ని అందరం కాకా అనేవాళ్లం. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

“బిడ్డా, బాయిల నీళ్లొడిసినయ్. మోటరేమో ఏడ్వబట్టె. నీ డబ్బేమో మోటర్ క్షేమమని మెసేజ్ మీద మెసేజ్ పంపవట్టె. నేనెవర్ని నమ్మాలె?”

“మోటర్నే నమ్ము కాకా! జర జల్ది బంద్ చెయ్యి!”

“బంద్ చేసినంకనే నీకు ఫోన్ చేస్తాన. ఫికర్ పడకు.”

ఎవరికీ చెప్పకుండా, మాయమైన ఆప్షన్‌ను బలవంతంగా ఆన్ చేసే లైనొకటి రాసి, మరుసటి రోజు బస్సెక్కి వెళ్లి ఎక్కించాను. అప్పటికి బావిలో నీళ్లూరాయి. స్విచ్ నొక్కితే మోటర్ లేచినట్టే లేచి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే.

“నిన్న ఆగకపాయె, ఇయ్యాల లేవకపాయె,” అన్నాడు కాకా, నవ్వాపుకుంటూ.

ఏడుస్తూ మా టీంను చూసుకునే అక్కకు ఫోన్ చేశాను. అంతా విని, “కొలిచేదాన్ని తీసేసి ఆపేదాన్ని కూసోబెట్టినవ్. నీళ్లు లేకుంటే మోటర్ గుంజే కరెంటు తగ్గుతది కదా. ఇప్పుడు దానికి కరెంటు సున్నా కనవడ్తాంది, నీళ్లు లేవనుకొని ఆపుతాంది. దాని తప్పేం లేదు,” అంది. స్కూటీ మీద తనే వచ్చి, కొలత టిక్కు తిరిగి పెట్టి, చోటు కోసం నా మెసేజ్‌లు తెరిచింది. ‘గౌరవనీయులైన రైతు సోదరులకు నమస్కరించి తెలియజేయునది’ అని ప్రతి మెసేజ్ ముందూ నేను రాసుకున్న వాక్యాన్ని కోసేసింది. చోటు సరిపోయింది! మోటర్ నడిచింది.

ఆఫీసులో సార్ అడిగితే అక్క, “నేను చూడకుంట పంపిన సార్, తప్పు నాది,” అంది. కాకా అయితే రెండో డబ్బా కూడా తన బావి దగ్గరే పెట్టమని పట్టుబట్టాడు. ఆ ఇద్దరూ అట్లా నిలబడకపోతే ఈ పనిలో నేను మిగిలేదాన్ని కాదు.

ఇంక జన్మలో తప్పు చేయనని ఒట్టు పెట్టుకుని ఇంటికని కాశిబుగ్గలో బస్సు దిగిన అప్పటి నేను, ఆ పిల్ల, ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది. ఎంత నమ్మకమో ఆ మొహంలో! పాపం, నిండా వారం కూడా నిలబడలేదు ఆ ఒట్టు.