మాడుగులలో ఒక పాత కంప్యూటరుకి లినక్స్, మా బావకి నోరు

అనకాపల్లి నుంచి మాడుగుల వెళ్ళేవాళ్ళు సాధారణంగా హల్వా కోసం వెళతారు, లేదంటే ఆ పైన కొండలు చూడటానికి వెళతారు. నేను ఒక పాత కంప్యూటరులో లినక్స్ సిస్టం ఎక్కించడానికి వెళ్ళాను. ఈ బ్లాగు చదివేవాళ్ళలో సగం మంది, చుట్టాల ఇంట్లో మూలపడ్డ డెస్క్‌టాప్ ఉంది, వెళ్ళి ఏం చెయ్యాలి, వెంట ఏం పట్టుకెళ్ళాలి అని అడుగుతుంటారు. మిగిలిన సగం నన్ను తిట్టుకోవడానికి చదువుతారు. ఇద్దరికీ పనికొస్తుందని ఆ రోజు సంగతి వరసగా రాస్తున్నాను.

ప్రయాణానికి కారణం మా బావ సన్యాసిరావు. నా చెల్లెలు వరాలు భర్త. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఏళ్ళ తరబడి వేలం పాడినవాడు. మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతుని చుట్టలు తినేశాయి. కంఠం తీసెయ్యకపోతే ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కి ముందు ఆయన కంప్యూటరు ముందు మైకు పెట్టుకుని కూర్చుని, రోజూ ఇంట్లో అవసరపడే మాటలన్నీ రికార్డు చేసుకున్నాడు. చోడవరంలో డీటీపీ చేసే అతనొకడు వచ్చి, కీబోర్డు పై వరసలోని ఒక్కో మీటకి ఒక్కో మాట తగిలించాడు. ఏ మీట ఏదో గుర్తుండటానికి వరాలు వాటి మీద రంగురంగుల బొట్టుబిళ్ళలు అంటించింది. ఎర్ర బొట్టు నొక్కితే "ఏమే, ఎక్కడున్నావు?" పచ్చ బొట్టు నొక్కితే "కాఫీ తే." నీలం బొట్టుకి "ఎవురది? లోపలికి రండి." పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు డెస్క్‌టాప్‌ని పేకాటకీ జాతకాలకీ వాడటం చూశాను. ఇంత తెలివైన వాడకం ఎక్కడా చూడలేదు. ఆ మాట మా బావతో అనలేదు, అనను కూడా.

ఎందుకు అనను అంటే దానికీ ఒక కథ ఉంది. నలభై ఏళ్ళ కిందట నేను పెళ్ళిచూపులకని కశింకోట బయలుదేరి, బస్సులో పుస్తకం తీసి, దిగడం మరిచి, యలమంచిలిలో తేలాను. ఆ సంబంధం పోయింది. తర్వాత ఇంకో సంబంధం కుదిరింది, సంసారం గడిచింది, ఆవిడ పోయింది కూడా. కథ మాత్రం పోలేదు. ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పెద్దకర్మ భోజనంలోనూ మా బావ వేలం గొంతుతో అదే పాడేవాడు: "బావా, దిగు దిగు! కశింకోట దాటిపోనాది!" పంక్తి పంక్తంతా నవ్వేది. నేను లినక్స్ గురించి చెప్పబోతే, "మా బావ అందరెక్కిన బస్సెక్కడు, ఎక్కినా దిగడు" అనేవాడు. అతను కంఠం పోగొట్టుకున్న రోజు నాకు బాధ కలిగింది. దాని వెనకాలే, ఇక ఆ కథ వినక్కర్లేదన్న ఆలోచన కూడా వచ్చింది. రెండూ నిజమే.

దసరాకి ముందు ఆ కంప్యూటరు చచ్చింది. ఎవరో ఫోటోల కోసం పెట్టిన పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ ఎక్కింది. అందరి ఇళ్ళలో ఉండే సిస్టమే, పేరు రాయను. షాపతను వచ్చి చూసి ఒకటే మాట చెప్పాడట. పండగ వెళ్ళాక వరాలు ఫోన్లో చెప్పింది.

"అన్నయ్యా, ఆయన నోరు మల్లీ పోనాది. పలక మీద రాత్తన్నాడు. కోపమొత్తే పలక ఇసిరేత్తన్నాడు. సాపాయన ఫార్మాట్ సేసేత్తానంటన్నాడు. అందులోవి రావంట."

"ఇంకెక్కడైనా కాపీ ఉందా?"

"ఎక్కడుంటాదీ? మాటలన్నీ అందులోనే ఉన్నాయి."

"ఎవర్నీ ముట్టుకోనివ్వకు. రేపు వత్తన్నాను."

వెంట తీసుకెళ్ళినవి ఇవి. రెండు సీడీలు, ఒక పెన్‌డ్రైవ్, ఒక స్టార్ స్క్రూడ్రైవర్. మొదటి సీడీ పప్పీ లినక్స్. అది హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా సీడీ నుంచే నడుస్తుంది, తక్కువ ర్యామ్ సరిపోతుంది. చెడిన యంత్రంలోంచి ఫైళ్ళు బయటికి లాగడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. రెండోది జుబుంటు, తేలికపాటి లినక్సే, ఇంట్లో స్థిరంగా ఉంచడానికి. రెండువందల యాభై ఆరు ఎంబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద హంగులున్న డెస్క్‌టాప్ ఎక్కిస్తే ఎడ్ల చేత రైలు ఇంజన్ లాగించినట్టుంటుంది. సీడీలు నెట్ సెంటర్లో రాయించేటప్పుడు వేగం తగ్గించమని గట్టిగా చెప్పాలి. తొందరపడి రాసిన సీడీ సగంలో మొరాయిస్తుంది.

పొద్దున్న ఏడు దాటాక ఆర్టీసీ కాంప్లెక్స్‌లో మాడుగుల బస్సు ఎక్కాను. చోడవరం, వడ్డాది మీదుగా వెళుతుంది. గంటన్నర అనుకుని బయలుదేరాలి, చెరకు బళ్ళు అడ్డం వస్తే రెండు గంటలు. టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. నేరుగా బస్సు దొరక్కపోతే చోడవరంలో దిగి షేర్ ఆటో పట్టుకోవచ్చు, కాని నడుం మీద నమ్మకం ఉన్నవాళ్ళే ఆ పని చెయ్యాలి. కండక్టరు నా చేతిలో సీడీలు చూశాడు.

"కొత్త సినిమాలేటి తాతా?"

"సినిమాలు కాదు. కంప్యూటర్ని నడిపే సిస్టం. ఊరికే ఇస్తారు."

"ఊరికే ఇచ్చీది మంచిదెలాగవుద్ది?"

"నీ బస్సు కింద రోడ్డు ఉంది. దాని మీద నడవడానికి టిక్కెట్టు కొట్టావా?"

"నడిసీవోడు ఆలీసంగా ఎల్తాడు తాతా," అని టిక్కెట్టు చేతిలో పెట్టి ముందుకు పోయాడు. ఇదే ప్రశ్న ఒక సాహిత్య సభలో రిటైరైన ఆచార్యుడొకాయన వేశాడు. జవాబు వినకుండానే చప్పట్లు కొట్టించుకున్నాడు. కండక్టరు కనీసం విని మాట్లాడాడు.

మాడుగులలో బస్సు దిగగానే హల్వా దుకాణాలు. గొంతు ఆపరేషన్ అయినవాడికి, మెత్తగా ఉన్నది ఇమ్మన్నాను.

"ఎవురికి? సన్యాసిరావు మామకా?" దుకాణం అతను గరిటె ఆపాడు. "మొన్నటిదాకా ఈదిలోకి వినబడేది ఆ గొంతు. కంప్యూటర్లోంచేలెండి. 'ఎవురది, లోపలికి రండి' అని ఆయనంటే, దారినపోయే నేను కూడా ఎల్లిపోయీవోణ్ణి. ఇప్పుడు ఈదంతా సప్పగుంది." కొసరు వేసి మరీ ఇచ్చాడు. నా పేరు అడగలేదు.

ఇంటికి వెళ్ళేసరికి బావ అరుగు మీద ఉన్నాడు. మెడకి పల్చటి గుడ్డ, ఒళ్ళో పలక. నన్ను చూసి నవ్వాడు, కాని ఏ మీటా నొక్కడానికి లేదు. జీవితంలో మొదటిసారి మా బావ ముందు నేను నోరు తెరిస్తే ఎదురు మాట లేదు. లినక్స్ గురించీ, అందరెక్కిన బస్సు ఎక్కడికి చేరిందో దాని గురించీ దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలన్నీ చెప్పేశాను. అతను తల ఊపుతూ విన్నాడు. చెప్పడం అయిపోయాక నాకు ఏమీ మిగల్లేదు. గోడతో వాదించి గెలిచినట్టుంది.

పని మొదలుపెట్టాను. పప్పీ సీడీ పెడితే యంత్రం దాన్ని చదవలేదు. రెండోది కూడా చదవలేదు. ట్రే బయటికి రప్పించి చూస్తే ఎర్రగా, జిగురుగా ఏదో అంటుకుని ఉంది. మూలల్లోంచి చీమలు వరస కట్టి వస్తున్నాయి.

"వరాలూ, ఇందులో ఏం పెట్టేవు?"

"దసరానాడు పూజ సేసేను అన్నయ్యా. ఇంట్లో కత్తికీ కొడవలికీ పెట్టి దీనికి పెట్టకపోతే ఎలాగ? ఆయన నోరు కదా అది. బొట్టు పెట్టి, నోరు తెరిపించి కాసింత బెల్లం ముక్కెట్టి మూసేను."

"సీడీ పెట్టుకునే చోట బెల్లమా?"

"మరి నోరు ఇంకెక్కడుందీ దానికి?"

బావ భుజాలు ఊగాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడు. పలక మీద రాసి చూపించాడు: "అనకాపల్లి బెల్లమే. కల్తీ లేదు."

నాలుగు మరలు విప్పి సీడీ డ్రైవు బయటికి తీశాను. కరిగి గట్టిపడ్డ బెల్లాన్ని తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాను. లోపల చిన్న కంటిలాంటి కటకం ఉంటుంది, దాని మీద కుంకుమ పేరుకుంది. బావ మెడ గాయం శుభ్రం చెయ్యడానికి ఇంట్లో ఉంచిన స్పిరిట్‌లో దూది ముంచి, రెప్ప తుడిచినంత మెల్లగా తుడవాలి. గట్టిగా నొక్కితే అంతే. ఆరేలోపు వరాలు అన్నం పెట్టింది. ముగ్గురం తిన్నాం. వరాలు రెండు మూడుసార్లు అలవాటుగా కంప్యూటరు వైపు చూసింది.

మధ్యాహ్నం మళ్ళీ బిగించి పెడితే పప్పీ లేచింది. హార్డ్‌డిస్క్ తెరుచుకుంది. బావ మాటలన్నీ ఒక ఫోల్డరులో ఉన్నాయి, వావ్ ఫైళ్ళుగా. ఇది అదృష్టం. ఎంపీత్రీలయితే నెట్ లేని ఇంట్లో లినక్స్ చేత పాడించడానికి అదనపు ప్యాకేజీలు ముందే తెచ్చుకోవాల్సి వచ్చేది. ఇంట్లో ఉన్న ఇయర్‌ఫోన్ తగిలించి ఒక్కొక్కటీ విని పెన్‌డ్రైవ్‌కి పంపాను. చివరి ఫైలు పేరు కశింకోట. నేను వినక్కర్లేదు, అందులో ఏముందో తెలుసు. అయినా విన్నాను. ఆపరేషన్‌కి వెళ్ళే మనిషి, ఇక జన్మలో ఏయే మాటలు కావాలో ఏరుకుని, కాఫీ పక్కన, తలుపు పక్కన, దీన్ని కూడా ఏరుకున్నాడు. కాపీ చేశాను. దాని సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జుబుంటు ఎక్కించడానికి గంటకి పైగా పట్టింది. డిస్కుని రెండు భాగాలు చేసి, సొంత ఫైళ్ళకి ఒక భాగం విడిగా ఉంచాను. రేపు సిస్టం మార్చినా అవి కదలవు. సెట్టింగ్స్‌లో కీబోర్డు అని ఉంటుంది, అందులో షార్ట్‌కట్స్. ఏ మీటకి ఏ ఆజ్ఞ కావాలో అక్కడ చెప్పొచ్చు. ఒక్క శబ్దం వినిపించడానికి పెద్ద ప్లేయర్లు అనవసరం, ఏప్లే అనే చిన్న ఆజ్ఞ చాలు, నొక్కీనొక్కగానే పలుకుతుంది. వరాలు ఆడుకోవడానికి పేకముక్కల ఆట సిస్టంతో పాటు దానంతటదే వచ్చింది. ఎర్ర బొట్టు దగ్గర్నుంచి వరసగా మీటలన్నీ కట్టాను. చివరి మీట మీద నల్ల బొట్టు. దానికి ఏమీ కట్టలేదు.

బావ వచ్చి కూర్చున్నాడు. ఎర్ర బొట్టు నొక్కాడు. "ఏమే, ఎక్కడున్నావు?"

వంటింట్లో గిన్నె కింద పడింది. "ఇక్కడే ఉన్నాను, వత్తన్నాను!" అని వరాలు కేకేసింది. వచ్చి గుమ్మంలో నిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "మల్లీ అను," అంది. అతను మళ్ళీ నొక్కాడు. పచ్చ బొట్టు, నీలం బొట్టు, అన్నీ నొక్కి చూశాడు. వీధిలో ఎవరో, "ఒత్తన్నానోయ్ మామా!" అన్నారు. ఆఖరికి నల్ల బొట్టు నొక్కాడు. ఏమీ పలకలేదు. ఇంకోసారి నొక్కాడు. నా వైపు చూశాడు.

"అన్నయ్యా, అదొక్కటి పలకట్లేదేటి?" అంది వరాలు.

"అది పాడైపోయిందేమో" అనొచ్చు. ఈ విద్యలో నన్ను తప్పుపట్టేవాళ్ళు మాడుగులలో లేరు. బావ పలక తీసుకోలేదు. అలిగి మొహం తిప్పుకోలేదు. ఆ మీట మీద వేలు ఉంచి ఎదురు చూస్తున్నాడంతే. కుర్చీ ఇటు లాక్కుని, షార్ట్‌కట్స్ తెరిచి, కశింకోట ఫైలు పేరు నా వేళ్ళతోనే కొట్టాను.

అతను నొక్కాడు. "బావా, దిగు దిగు! కశింకోట దాటిపోనాది!"

నలభై ఏళ్ళుగా విన్న గొంతే. వరాలు ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వలేదు. "నీ బస్సు ఇప్పుడు లినక్స్ మీద నడుస్తోంది బావా, అది గుర్తుంచుకో," అన్నాను. అతను ఆలోచించకుండా మళ్ళీ నల్ల బొట్టే నొక్కాడు.

సాయంత్రం బస్సులో తిరిగి వస్తూ ఒక సంగతి అనుకున్నాను. పాత కసి తీర్చుకోవాలంటే ఎదుటివాడికి నోరుండాలి. లినక్స్ మంచిదా, ఇంకోటి మంచిదా అని సభల్లో వాదించినవాళ్ళందరి మీదా నాకు ఇప్పటికీ కోపమే, తగ్గించుకునే ఉద్దేశం లేదు. కాని ఆ ఇంట్లో ఎవరూ సిస్టం పేరు అడగలేదు. మీట నొక్కితే మాట రావాలి, అంతే. ఇన్నేళ్ళు నేను చదివినదాంట్లో ఈ వాక్యం ఎక్కడా కనబడలేదు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఫార్మాట్ అన్న మాట ఎవరు పలికినా, ముందు సీడీతో యంత్రాన్ని లేపి, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌కి తీసుకోండి, ఒక కాపీ మీ ఇంట్లో కూడా ఉంచండి. మా బావ మాటల కాపీ నా దగ్గర ఉంది. అందుకే కావచ్చు, సంచిలో పుస్తకం ఉన్నా చోడవరం దాటినా తెరవలేదు. అనకాపల్లిలో సరిగ్గా దిగాను.