మూడో మంచం

మాది మారికుప్పం. నాన్న మూతబడిన బంగారు గనిలో పనిచేసినవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను ఫోన్‌లో ఆడే ఆట ఆయన ఫోన్‌లోనూ వేసి నేర్పాను. గుహలు తవ్వుకుంటూ బతకాలి. గేటు దాటి అడుగుకి పోతే పంది మొహాల మనుషులుంటారు. వాళ్ళ జోలికి పోకపోతే ఏమీ అనరు, బంగారం తవ్వితే మాత్రం గుంపుగా మీద పడతారు. చస్తే, మనం వేసుకున్న మంచం మీంచి మళ్ళీ లేస్తాం.

"పసుపు రాయి ముట్టొద్దప్పా" అని ముందే చెప్పాను. రాతిలో పసుపు చార కనబడగానే ఆయన వేలు ఆగలేదు. గుంపు కత్తులతో ఎగబడింది. నేను అడ్డంపోయి ఒకడిని కొట్టాను. అందరూ నా చుట్టూ మూగారు.

"గేటు దాటి పో అప్పా! నేను చచ్చినా మళ్ళా మంచం మీద లేస్తాను" అని అరిచాను. గేటు పక్కనే ఉన్నా ఆయన పోలేదు, నా దగ్గరికే తిరిగొచ్చాడు. ఇద్దరం చచ్చిపోయాం.

నవ్వుతూ చూస్తే నాన్న ఫోన్ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

"గనిలో ఏర్ బ్లాస్ట్ అయి బండలు కూలినప్పుడు నా జతగాణ్ణి లోపలే వదిలేసి పైకొచ్చేసినానమ్మా. వాడు పిలస్తానే ఉన్నాడు."

ఆ సంగతి ఇన్నేళ్ళలో మా అమ్మక్కూడా చెప్పలేదట.

తెరమీద మా బొమ్మలు రెండూ మంచాల మీంచి లేచాయి. నాన్న వాటినే చూస్తూ, "ఇంగో మంచం ఎయ్యొచ్చామ్మా?" అన్నాడు.

వేశాను. ఆడినప్పుడల్లా మేమిద్దరం చస్తాం, లేస్తాం. ఆ మూడోదాని మీంచి మాత్రం ఎవరూ లేవరు. అయినా నాన్న ఒకసారి అటు చూడనిదే ఆట మొదలుపెట్టడు.