తొర్రూరు బస్సులో పసుపు గౌను

దయ్యాల, పూనకాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. రజిత సంగతి ఒక్కటే నాకు కొరుకుడు పడలేదు.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. వరంగల్ కొత్తవాడలో మాది మగ్గం పని. పక్కింటి సులోచనక్క, మల్లేశం బావలకు ఒక్కతే బిడ్డ రజిత. ఏడేళ్లది.

ఒక మంగళవారం తువ్వాళ్లు అమ్మడానికి తొర్రూరు అంగడికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం బస్టాండులో, కదులుతున్న బస్సులోంచి "నర్సిమ్మ మామా" అని పిలుపు. చూస్తే కిటికీ దగ్గర రజిత. పసుపు గౌను, మెడ చుట్టూ ఎర్ర అంచు. చెయ్యి ఊపింది. తల్లితో చుట్టాలింటికి పోతోందనుకున్నాను.

సాయంత్రం ఇల్లు చేరేసరికి రజిత గడపలో కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది. సంగతి చెబితే సులోచనక్క నవ్వింది.

"పొద్దటిసంది ఇల్లు కదల్లేదు తమ్మీ. దానికి పసుపు గౌనే లేదు. ఎండదెబ్బ తగిలినట్టున్నది, జర మజ్జిగ తాగు."

మర్నాడు పొద్దున బావ దర్జీ దగ్గర నుంచి పొట్లం తెచ్చాడు. ఇంట్లో చెప్పకుండా కుట్టించాడట. పసుపు గౌను. ఎర్ర అంచు. అది చూడగానే అక్కకు నా మాట గుర్తొచ్చిందట. పిల్ల సంబరం చూసి ఊరుకుందట.

మధ్యాహ్నం రజిత అదే తొడుక్కుని, స్నేహితురాలికి చూపిస్తానని వెళ్లింది. ఆ ఇంటికి చేరలేదు.

బావిలో పడిందన్నారు. మనుషులు దిగి వెతికారు, ఏమీ దొరకలేదు. భూమి తగాదాతో బావ వాళ్ల అన్నే ఎత్తుకుపోయాడన్నారు. ఆయన ఆ రోజంతా దవాఖానలో మంచం మీద ఉన్నాడు. ఇక అందరూ నా వైపు తిరిగారు.

బావ నా అంగీ పట్టుకున్నాడు. "నా పెండ్లానికే ఎరుక లేని గౌను నీకెట్ల ఎరుకరా? నా బిడ్డ ఏడున్నది?"

బస్సులో చూశానన్న మాటే మళ్లీ చెప్పాను. పిల్ల వెళ్లిన వేళ నేను మగ్గం మీదే ఉన్నానని ఇరుగుపొరుగు చెబితే పోలీసులు వదిలేశారు. వాడకట్టు జనం వదల్లేదు. నన్ను చూస్తే తల్లులు పిల్లలను లోపలికి పిలుచుకునేవారు.

నన్ను నేనే అనుమానించుకున్నాను. ఆ గౌను దర్జీ కొట్టులో చూసి మరిచిపోయానా? వెళ్లి అడిగాను. గుడ్డ కత్తిరించిందే మంగళవారం రాత్రి అన్నాడు. అతను అబద్ధమాడుతున్నాడేమోననుకున్నాను. తొర్రూరులో చూసింది వేరే పిల్లేమో అనుకున్నాను. మరి దానికి నా పేరు ఎవరు చెప్పారు? చివరికి బావ మీదికే పోయింది నా మనసు. గౌను సంగతి ఇంట్లో ఎందుకు దాచినట్టు? అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను గానీ, అనుకోవడం మానలేకపోయాను.

రజిత దొరకలేదు. కొన్నేళ్లకు బావ పోయాడు. ఆ తర్వాత ఒకరోజు సులోచనక్క మా ఇంటికి వచ్చింది, అన్నాళ్లలో అదే మొదటిసారి.

"తమ్మీ, నిజం చెప్పు. ఆ బస్సుల నా బిడ్డ ఏడ్సుకుంట పోయిందా?"

"లేదక్కా. నవ్వుతాంది."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. మళ్లీ అడిగింది. "పక్కన ఎవరు కూసున్నరు?"

"చూడలేదక్కా."

చాలాసేపు నా మొహంలోకే చూసి లేచి వెళ్లిపోయింది. నమ్మిందో లేదో తెలియదు. నేను చూసిందేమిటో నాకూ ఈరోజు వరకు తెలియదు.