వెన్నెల పేజీలు వదిలేసిన పెళ్లికొడుకు

ఆ కాలంలో మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న మా దెగ్లూర్ వైపు కుర్రాళ్లకు మూడు భాషలు వచ్చేవి, ఏదీ నిండుగా వచ్చేది కాదు. బడిలో మరాఠీ, బస్సులో సీటు కోసం కొట్లాటకు హిందీ, అమ్మ దగ్గర తెలుగు. ఆ తెలుగుకు అక్షరాలు కూడా ఉంటాయని సినిమా పోస్టర్లు చూసి తెలుసుకున్నవాణ్ని నేను. (హీరో పేరు ముందే తెలుసు కాబట్టి కూడబలుక్కోవడం తేలిక.) ఎరువుల దుకాణంలో కొత్తగా పనికి కుదిరి, ఈ జన్మకు ఇంతకంటే చదువు అక్కర్లేదని హాయిగా ఉండేవాణ్ని.

అలాంటి నేను మా వదిన పుట్టింటివాళ్ల పెళ్లిలో, బ్యాండు మోతలో కూడా తలెత్తకుండా పుస్తకం చదువుకుంటున్న ఒక అమ్మాయిని చూసి మనసు పారేసుకున్నాను. వదినకు మేనమామ కూతురట, నిజామాబాద్ పిల్ల. పెళ్లిచూపులకు ఒప్పించి వచ్చిన వదిన నన్ను బెదరగొట్టింది. "పిల్ల పాత పాత నవలలు సదువుతది. నువ్వు గూడ సదువుతున్నవని చెప్పొచ్చిన. నీ ఖిచిడీ తెలుగు ఇంటే లేచి లోపటికి పోతది, సూస్కో మరి!" అంటూ తన పెట్టెలోంచి ఒక పాత నవల తీసి నా చేతిలో పెట్టింది.

మొదటి పేజీలోనే వెన్నెల. వాక్యం పేజీ తిప్పినా ముగిసిన పాపాన పోలేదు. ఉద్యానము, చంద్రిక, వియోగము లాంటివి మరాఠీ బడి పుణ్యమా అని అర్థమయ్యేవి. ఏగుదెంచుట, పరికించుట, ఒనరించుట దగ్గర మాత్రం బండి దిగబడేది. అంటే తోటలో ఏమేమున్నాయో తెలిసేది గానీ, అక్కడ ఎవరు ఎవర్ని ఏం చేశారో తెలిసేది కాదు. నా అవస్థ చూసి వదినకే జాలేసింది. "ఆ యెన్నెల ఎవలకు గావాలె? ఇడిచిపెట్టు. మనుషులు మాట్లాడుకునే కాడికి దునుకు." దునికాను. కథ గబగబా కదిలింది. పైగా, నిజామాబాద్‌లో మర్యాదస్తులు మాట్లాడే తెలుగు ఇదే కాబోలనుకుని (నాకెవరు చెప్పాలి?) ఆ సంభాషణలన్నీ యూరియా బస్తాలకు వినిపిస్తూ బట్టీ పట్టాను.

పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి ఆప్యాయంగా అడిగాడు. "బస్సు జల్దీ దొరికిందా, బిడ్డా?"

"శకటము విలంబముగా నేతెంచినదండీ."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "చాయ్‌ల శక్కర సరిపోయిందా?"

"అమృతతుల్యముగా నున్నది."

ఆయన మా అన్నయ్య వైపు వంగి, "పిలగాడు నాటకాలల్ల ఏషం గిట్ల ఏస్తడా?" అని మెల్లగా అడగడం నాకు వినబడింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు చెమటలు పట్టాయి. సంబంధం చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం నా మాట వినడం లేదు.

అప్పుడు ఆ అమ్మాయే అడిగింది. "ఈ మాటలున్న నవల మొత్తం సదివిండ్రా?"

"పఠించి..." అని మొదలుపెట్టాను. ఇక వల్లకాక మా ఇంటి తెలుగులోకి జారాను. "లేదు. యెన్నెలొచ్చిన కాడల్ల ఇడిచిపెట్టిన. మాటలే సదివిన. మీకు నచ్చాలె అని."

అందరూ పిల్ల వైపు చూశారు.

"నేను గూడ యెన్నెల సదవ," అంది ఆమె నవ్వాపుకుంటూ. "కథ ఏమైతదో అని పానం ఆగదు." తర్వాత తండ్రి వైపు తిరిగి, "నాయినా, ఈయన మంచిగనే మాట్లాడుతున్నడు," అంది.

ఇన్నేళ్ల కాపురం తర్వాత, చెమటలు కక్కిన ఆ కుర్రవాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. ఒక్క మనిషికి నచ్చాలని ఒక భాషనే తలకెత్తుకున్నాడు వాడు. ఇప్పుడు ఆమె ఏం చెప్పినా నేను ఫోన్లోంచి తలెత్తకుండా "ఊఁ" అంటున్నాను.