బుగ్గమ్మ చెప్పిన నాలుగో పేరు

వికారాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో బుగ్గమ్మ ఆరేళ్లుగా వంట చేస్తోంది. ఊరు తాండూరు పక్కన యాలాల్. ఒకప్పుడు వాళ్లింట్లో నూట ఇరవై గొర్రెలుండేవి. రోగమొచ్చి సగానికి పైగా పోయాక భర్త శివయ్య తాండూరులో నాపరాళ్ల పాలిష్ పనికి కుదిరాడు. బుగ్గమ్మ గరిటె పట్టింది. కూతురు మల్లీశ్వరి అదే కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతూ, అదే హాస్టల్లో ఉంటూ, కాలేజీ జానపద నృత్య బృందంలో ముందు వరసలో ఆడేది. పేపర్లో పడిన ఆమె ఫోటోను శివయ్య పనిలో ఉన్న వాళ్లందరికీ చూపించి వచ్చాడు.

ఆ ఆగస్టులో బుగ్గమ్మ కంట ఒక విషయం పడింది. కుల్కచర్ల నుంచి కొత్తగా వచ్చిన ప్రణవి అనే పిల్ల, పెట్టించుకున్న అన్నం పెట్టించుకున్నట్టే బకెట్లో పోస్తోంది. ఆ పిల్లే కాదు, అదే బల్ల మీద కూర్చునే మరో నలుగురూ అంతే. ఐదుగురూ ఆ ఏడు నృత్య బృందంలో చేరినవాళ్లే. మూడో రోజు బుగ్గమ్మ ఉండబట్టలేక అడిగింది.

“ఏం బిడ్డా, కూర మంచిగ లేదా?”

“ఉపవాసం, ఆంటీ.”

“మంగళారం, బుధారం, బేస్తారం... గిన్ని దేవుళ్లకు ఒక్కపారేనా ఉపాసం?”

ప్రణవి చూపు చటుక్కున పక్క బల్ల వైపు పోయింది. అక్కడ మల్లీశ్వరి, ఆమె ముగ్గురు స్నేహితురాళ్లు కూర్చుని తింటున్నారు.

ఆ చూపు బుగ్గమ్మను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు పొద్దున టీ ఇచ్చే వంక పెట్టుకుని మేడ మీది హాలుకు వెళ్లింది. ఐదుగురు కొత్త పిల్లలు మోకాళ్లు సగం వంచి, చాచిన చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఎదురుగా మల్లీశ్వరి లెక్కపెడుతోంది, ఆమె ముగ్గురు స్నేహితురాళ్లు పక్కన నిలబడి కాపలా కాస్తున్నారు.

“డెబ్బై ఒకటి, డెబ్బై రెండు... ఎవరన్న దించిన్రంటే మళ్ల ఒకటికెళ్లి.”

ఆ మాట పూర్తి కాకముందే ప్రణవి కళ్లు తేలేసి పడిపోయింది. బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. బుగ్గమ్మ టీ కెటిల్ వదిలేసి పరుగెత్తి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. వార్డెన్ వచ్చి ఏమైందని అడిగితే, బాత్రూంలో జారిందని మల్లీశ్వరి చెప్పింది. బుగ్గమ్మ పక్కనే ఉంది. నోరు తెరవలేదు.

ప్రణవిని ఆసుపత్రికి తీసుకెళ్లాక బట్టలుతికే బండ దగ్గర కూతురిని నిలదీసింది.

“గిదంతా మామూలేనమ్మా,” అంది మల్లీశ్వరి. “బృందంల చేరాల్నంటే గట్టిదనం ఉండాలె. పోయినేడు నాకు గూడ చేసిన్రు. నేను సచ్చిపోయిన్నా?”

“నీగ్గూడనా?”

“నాలుగు దినాలు తిననియ్యలే. నువ్వే అన్నం పెడితివి. నేను బకెట్ల పోస్తి. గప్పుడు నీకు కనవడలే.”

మందలో మేత ముట్టని గొర్రె ఏదో దూరం నుంచే పోల్చగలిగిన మనిషి, కన్నకూతురి కంచం చూడలేకపోయింది. ఆ పూట పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. పిల్లలు తినలేక లేచిపోయారు.

శనివారం రైలెక్కి తాండూరు వెళ్లి, బట్టల నిండా రాతి పొడితో ఉన్న శివయ్యను పనిలోంచి బయటకు పిలిచి అంతా చెప్పింది. అతను చేతుల మీది పొడి దులుపుకున్నాడు.

“చెప్తే పోరి సదువు ఆగమైతది,” అన్నాడు. “గా పిల్లకు కుట్లు పడ్డయ్, మానుతయ్. ఊకో.”

“రేపు ఇంకో పిల్ల పడితే?”

“గప్పుడు చూద్దాం.”

ఆదివారమంతా బుగ్గమ్మ ఇంట్లో ఒకచోట కూర్చోలేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది. ర్యాగింగ్ గురించి ఫిర్యాదు చేయమంటూ హాస్టల్ గోడ మీద రాసిన నంబరు ఫోన్లో ఎక్కించుకుని వచ్చింది. దానికి ఫోన్ చేద్దామనుకుంది, కానీ అవతలి వాళ్లతో ఎలా మాట్లాడాలో తోచలేదు. సోమవారం వంట కాగానే కృపారాణి మేడం గదికి వెళ్లింది. ఆమె ఇంగ్లీషు లెక్చరర్, ర్యాగింగ్ నిరోధక కమిటీ బాధ్యత కూడా ఆమెదే. బుగ్గమ్మ చెబుతుంటే కృపారాణి రాసుకుంది.

“చేసిన వాళ్ల పేర్లు?”

బుగ్గమ్మ మూడు పేర్లు చెప్పి ఆగింది.

“నలుగురన్నావు కదమ్మా?”

“మల్లీశ్వరి. తండ్రి శివయ్య. యాలాల్.”

కృపారాణి కలం ఆగింది. “మీ అమ్మాయా?”

“అవ్ మేడం. రాయుండ్రి. పోయినేడు దానికి గూడ గిట్లనే చేసిన్రట, గదీ రాయుండ్రి. బాత్రూంల జారిందన్నది అబద్ధం. నేను ఆడనే ఉండి ఊకున్న, గది గూడ.”

విచారణలో కొత్త పిల్లలు మొదట ఏమీ జరగలేదన్నారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగాక ఏడుస్తూ నిజం చెప్పారు. నలుగురు సీనియర్లను రెండు నెలలు సస్పెండ్ చేసి, హాస్టల్ నుంచి పూర్తిగా పంపేశారు. ఆ ఏడాదికి నృత్య బృందం ఆగిపోయింది. ముందటి ఏడు తనకు అలా చేసిన ఇద్దరి పేర్లూ మల్లీశ్వరే కమిటీకి చెప్పింది, కాని తల్లితో మాత్రం మాట మానేసింది. మిగతా ముగ్గురిలో ఒక పిల్ల తల్లి హాస్టల్‌కొచ్చి, “సొంత బిడ్డనే పట్టిచ్చినవ్, నువ్వేం తల్లివి?” అని అందరి ముందూ తిట్టిపోయింది. ప్రణవి మూడు వారాలు ఇంటి దగ్గరుండి తిరిగి వచ్చింది. బుగ్గమ్మ అన్నం పెడితే తల దించుకుని తింటుంది.

సస్పెన్షన్ అయ్యాక మల్లీశ్వరి రోజూ తాండూరు నుంచి రైల్లో కాలేజీకి రావడం మొదలుపెట్టింది. బుగ్గమ్మ కూడా హాస్టల్లో పడుకోవడం మానేసి రోజూ ఇంటికి పోయి వచ్చేది. ఇద్దరూ ఒకే పెట్టెలో ఎదురెదురుగా, మాటల్లేకుండా కూర్చునేవారు. దాదాపు నెల గడిచాక ఒక పొద్దున మల్లీశ్వరి కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“పోయినేడు నా సంగతి నీకెరుకైతే, మేడంకు చెప్తుంటివా?”

చెప్పేదాన్నన్న మాట బుగ్గమ్మ నోటి దాకా వచ్చింది. కాని కూతురు బృందంలో చేరుతుందన్న సంబరంలో, నలుగురు నవ్వుతారన్న భయంలో, బహుశా ఓర్చుకోమని తనే చెప్పేదేమో.

“ఏమో బిడ్డా. నాకు తెల్వది.”

మల్లీశ్వరి తల్లి మొహంలోకి చూసింది. రైలు నెమ్మదించింది.

“లే అమ్మా, స్టేషనొచ్చింది,” అంది.